గణాలు కుదిరినా పద్యం ఎందుకు తప్పుతుంది?

మాచర్ల దగ్గర ఎత్తిపోతల జలపాతంలో చంద్రవంక నది 70 అడుగుల మీంచి నిండుగా దూకుతోందని తెలిస్తే చాలు, గుంటూరు వైపు తేటగీతి పద్యాలూ వరద కడతాయి. వాటిని ఎక్కువగా ముంచేది ఒకటే అపోహ.

అపోహ: గణాలు (గురువు, లఘువుల గుంపులు; పలకడానికి ఎక్కువసేపు పట్టే అక్షరం గురువు, తక్కువ పట్టేది లఘువు) సరిపోయి, మధ్యలో ఆగి చదవగలిగితే యతి ఉన్నట్టే.

వాస్తవం: ఆగడం సంస్కృతంలో యతి. తెలుగులో అక్షరమైత్రి కావాలి. తేటగీతిలో పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం చుట్టం కావాలి. ఈ పాదం చూడండి:

ఎత్తిపోతల నీరు తానురికి దూకె

ఎత్తి - గలం (గురువు, లఘువు), పోతల - భ (గురువు, రెండు లఘువులు), నీరుతా - ర (గురువు, లఘువు, గురువు), నురికి - న (మూడు లఘువులు), దూకె - గలం. గలం, న సూర్యగణాలు; భ, ర ఇంద్రగణాలు. అంటే ఒక సూర్యుడు, ఇద్దరు ఇంద్రులు, ఇద్దరు సూర్యులు, తేటగీతికి కావలసిన వరసే. లెక్కలో వంక లేదు, అయినా పాదం తప్పే. 'తాను + ఉరికి' అని సంధి విప్పండి. అక్కడున్న అచ్చు ఉ. దాని జట్టు ఉ, ఊ, ఒ, ఓ. ఎకారం ఇ, ఈ, ఏలతో కూర్చుంటుంది. 'తానెగిరి' అనండి, ఎకి ఎ దొరికింది, గణమూ చెదరలేదు.

'ను' కనబడింది కదా అని పాదాన్ని నకారంతో మొదలుపెట్టేవాళ్లున్నారు. వద్దు, పని చేసేది సంధిలో దాక్కున్న అచ్చు. హల్లుతో వేసినా అచ్చు కలవాలి: 'కొండ'కు 'గుట్ట' కుదురుతుంది, 'గట్టు' కుదరదు.

ఎంతకీ కుదరకపోతే కంగారు పడొద్దు, తేటగీతిలో ప్రాసయతి (యతికి బదులు ఆ రెండు చోట్లా రెండో అక్షరాలు కలవడం) చెల్లుతుంది:

ఎత్తిపోతల నీరంత మెత్త నురుగు

ఎ, మె రెండూ గురువులే, వాటి వెనక త్త, త్త.

అపోహ: ప్రాస అంటే పాదాల చివర ఒకేలా మోగడం.

అది అంత్యప్రాస, పాటల సరుకు. పద్యంలో ప్రాస రెండో అక్షరం. దాని ముందుది మొదటి పాదంలో గురువైతే అన్నిటా గురువే. కందానికీ ఉత్పలమాల వంటి వృత్తాలకూ తప్పదు. తేటగీతి, ఆటవెలదులకు ఆ నియమమే లేదు, ఊరికే చెమటోడ్చకండి.

అపోహ: జలపాతం హోరుకు శార్దూల, మత్తేభ వృత్తాలే తగును.

హోరు సంగతి తర్వాత, ముందు మీ మొదటి మాట కొలవండి. 'జలపాత' సలం (రెండు లఘువులు, గురువు, లఘువు), అంటే ఇంద్రగణం. సూర్యగణంతో మొదలయ్యే తేటగీతికి అది మొదట పనికిరాదు, ఇంద్రగణంతో మొదలయ్యే ద్విపదకు పనికొస్తుంది. 'జలపాతంబున' అన్నారా, స (రెండు లఘువులు, గురువు), భ పడ్డాయి, మత్తేభం మొదలైపోయింది. ఇక దాని యతిస్థానమైన 14వ అక్షరంలో జకారానికి చ, శ, స లాంటి చుట్టాన్ని అకారపు జట్టు (అ, ఆ, ఐ, ఔ) అచ్చుతో చూసుకోండి. శార్దూలానికి మాత్రం వరసగా మూడు గురువులు కావాలి, ఈ మాటతో గడప దాటలేరు.