బండి వెనక్కి కూర్చుంటే ముందు చక్రాల సంగతి చూడండి

రావులపాలెం

చిరంజీవులు పిల్లలందరికీ తాతయ్య ఆశీస్సులు.

కడియపులంక నర్సరీల్లో మొక్కలు ఎత్తుకుని, వెనక చిన్న ట్రెయిలర్ తగిలించుకుని వస్తుంటే మన స్కార్పియో-ఎన్ వెనక్కి కూర్చుంటోందని, గతుకుల్లో కింద ఏదో దభీమని కొడుతోందని రాశారు. కొత్త షాకబ్జార్బర్లు వేయిస్తే సరిపోతుందా అని అడిగారు. సరిపోదు. ఎందుకో తెలిస్తే డబ్బు ఎక్కడ పెట్టాలో మీకే అర్థమవుతుంది.

బరువు మోసేది స్ప్రింగు. అది గుండ్రంగా చుట్టిన స్ప్రింగు కావచ్చు, బొలెరోకి ఉన్నట్టు ఉక్కు ప్లేట్లు పేర్చిన కమాను కట్ట కావచ్చు. షాకబ్జార్బర్ పని వేరు. లోపలున్న నూనె సన్నటి రంధ్రాల గుండా పోతూ, స్ప్రింగు మొదలుపెట్టిన ఊపుని ఆపుతుంది. నూనె కారుతుంటే దాన్ని మార్చాల్సిందే, కానీ మార్చినందువల్ల బండి వెనక భాగం పైకి లేవదు. స్ప్రింగు మీద ఎంత బరువు పెడితే అంతకు తగ్గట్టు దిగుతుందని ఇంగ్లీషు శాస్త్రవేత్త రాబర్ట్ హుక్ 1678లోనే అచ్చువేశాడు. రెండు వెనక స్ప్రింగులూ కలిసి 80 కేజీలకు ఒక సెంటీమీటరు దిగుతాయనుకోండి, 400 కేజీలకు అయిదు సెంటీమీటర్లు దిగి తీరతాయి. అది రోగం కాదు, స్ప్రింగు తన పని చేస్తోందన్నమాట. పూర్తిగా దిగిపోయి, ఛాసీ అడుగున ఉండే రబ్బరు స్టాపరుకి ఇరుసు తగిలితే అప్పుడు దభీమంటుంది. అక్కణ్ణించి స్ప్రింగు ఉన్నా లేనట్టే, ప్రతి గుంత దెబ్బా నేరుగా ఛాసీకే.

నాకు అంతకంటే భయం ముందు చక్రాల గురించి. ఎడ్లబండి తోలిన వాళ్ళకి ఈ సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ధాన్యం బస్తాలు ఇరుసుకి ముందువైపు ఎక్కువైతే కాడి ఎడ్ల మెడల్ని నొక్కేస్తుంది. వెనక ఎక్కువైతే నొగ పైకి లేచి, కాడి మెడల మీంచి లేచిపోయి, పలుపు గొంతుకి బిగుస్తుంది. అందుకే లోడు ఎత్తేటప్పుడు ఒక మనిషి కాడి పట్టుకుని నిలబడి, ఏ బస్తా ముందుకి జరపాలో, ఏది వెనక్కి జరపాలో చెబుతుండేవాడు. మీ బండికి ఎడ్లు లేవు గానీ ఆ లెక్క మాత్రం అలాగే ఉంది. రెండు ఇరుసుల మధ్య 2.75 మీటర్లు. ట్రెయిలర్ తగిలించే గుండు వెనక ఇరుసుకి 1.1 మీటర్లు వెనక ఉందనుకుందాం. ఆ గుండు మీద 100 కేజీలు పడితే వెనక ఇరుసు మీద 100 పెరగదు, 140 పెరుగుతుంది. ఆ అదనపు 40 ఎక్కణ్ణించి వచ్చాయి? ముందు చక్రాల మీంచి. మీరు స్టీరింగు తిప్పేది ఆ చక్రాలతో. బ్రేకు తొక్కినప్పుడు ఎక్కువ పని చేసేదీ అవే. వాటి మీద బరువు తగ్గితే స్టీరింగు తేలిగ్గా తిరుగుతున్నట్టు హాయిగా ఉంటుంది. ఆ హాయిని నమ్మకండి.

ఇంక లైట్లు. లోడుతో వెనక ఆరు సెంటీమీటర్లు దిగి, ముందు రెండు లేచిందంటే, 30 మీటర్ల దూరంలో మీ హెడ్‌లైటు వెలుతురు సుమారు 87 సెంటీమీటర్లు పైకి జరుగుతుంది. డిమ్ములోనే ఉన్నా ఎదుటివాడి కళ్ళలో కొడుతుంది. మన దగ్గర ఇది చిన్న విషయం కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక డెల్టా అంతా కాలవలు పరుచుకున్నాయి, ఆ కాలవ గట్ల మీదే మన రోడ్లు చాలా నడుస్తాయి. ఒకపక్క కాలవ, ఒకపక్క బోదె. రాత్రివేళ ఎదురుగా వచ్చే మోటార్ సైకిల్ మీద మనిషికి రెండు క్షణాలు కళ్ళు కనబడకపోతే అతను ఎటు తప్పుకోవాలి?

కాబట్టి ఏ సామానూ కొనకముందు టేపు తియ్యండి. సమంగా ఉన్న నేల మీద, ఖాళీ బండికి, చక్రం నడిబొడ్డు నుంచి పైన మడ్‌గార్డు అంచు దాకా నాలుగు మూలలా కొలవండి. నేల నుంచి కొలిస్తే టైరు గాలి తేడా కూడా కలిసిపోతుంది. లోడు ఎత్తాక మళ్ళీ కొలవండి. ఖాళీగా ఉన్నప్పుడే వెనక భాగం కంపెనీ ఎత్తు కంటే కిందికి ఉంటే స్ప్రింగు అలిసిపోయినట్టు. ఒక పక్కే దిగి ఉంటే ఏదో విరిగి ఉంటుంది, వెతకండి.

తరవాత కాటాకి వెళ్ళండి. రైసు మిల్లుల దగ్గర వేబ్రిడ్జిలు ఉంటాయి కదా, మొత్తం బండి ఒకసారి, ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే ఒకసారి తూయించండి. ఖాళీగా, లోడుతో రెండుసార్లూ. ముందు ఇరుసు మీద ఎంత తగ్గిందో ఆ చీటీయే చెబుతుంది. మొక్కల బరువు కంటితో అంచనా వెయ్యకండి. దారిలో వాడిపోకుండా బాగా నీళ్ళు పోసి ఎక్కిస్తారు, పది లీటర్ల మట్టి సంచి తడిస్తే పదిహేను కేజీలకు తగ్గదు. అలాంటి సంచులు ముప్ఫై పెడితే అదే 450 కేజీలు, పైన మీరు నలుగురు.

ఇప్పుడు ఖర్చు లేని వైద్యం. బరువైన సంచులు డిక్కీ తలుపు పక్కన కాకుండా మధ్య సీటు వెనక్కి ఆనించి, కిందన పెట్టండి. తేలిక కుండీలు వెనక. జారకుండా పట్టీ కట్టండి. ట్రెయిలర్‌లో బరువులో సగం కంటే కాస్త ఎక్కువ దాని ఇరుసుకి ముందు ఉండాలి. గుండు మీద పడే బరువు ట్రెయిలర్ మొత్తం బరువులో పదో వంతు దగ్గర ఉంటే మంచిది, బండి పుస్తకంలో రాసిన హద్దు మాత్రం దాటకూడదు. బండి వెనక లేపాలని ట్రెయిలర్ సామాను వెనక్కి నెట్టేశారో, జొన్నాడ దగ్గర గౌతమి వంతెన మీద పక్కగాలి తగిలితే ట్రెయిలర్ అటూ ఇటూ ఊగడం మొదలుపెడుతుంది. అలా ఊగితే గట్టిగా బ్రేకు తొక్కకండి, ఎదురు స్టీరింగు తిప్పకండి. ఆక్సిలరేటర్ వదిలి, స్టీరింగు తిన్నగా పట్టుకోండి.

ఇవన్నీ చేసినా ఇంకా కూర్చుంటే అప్పుడు సామాను గురించి ఆలోచిద్దాం. స్ప్రింగులు అలిసిపోయి ఉంటే జతగా కొత్తవి వేయించండి. ఒకటి పాతది ఒకటి కొత్తది వద్దు. గట్టి స్ప్రింగులు రోజూ లోడు ఎత్తేవాళ్ళకి. వారానికోసారి ఎత్తేవాళ్ళకి ఖాళీ బండి గతుకుల్లో ఎగిరెగిరి పడుతుంది, అమ్మమ్మ నడుము గుర్తుంచుకోండి. స్ప్రింగు చుట్ల మధ్య దూర్చే రబ్బరు ముక్కలు చవగ్గా దొరుకుతాయి, నాకు అవి ఇష్టం లేవు. ఆ చుట్టుని కదలనివ్వవు, పని అంతా మిగతా చుట్ల మీద పడుతుంది.

మీలాంటి వాళ్ళకి స్ప్రింగు లోపల పెట్టే గాలి సంచులు నయం. టైరుకి పట్టినట్టే గాలి పట్టించవచ్చు, లోడు దించాక తగ్గించవచ్చు. పూర్తిగా మాత్రం తీసెయ్యకూడదు, తయారీదారు చెప్పిన కనీస గాలి ఉండాలి, లేకపోతే సంచి నలిగి చిరుగుతుంది. ఒక్క మాట బాగా పట్టుకోండి. గాలి సంచి బండిని చూడ్డానికి సమంగా చేస్తుంది, లైటు కిందికి దించుతుంది, స్టాపరుకి తగలకుండా ఆపుతుంది. కానీ ముందు చక్రాల మీంచి పోయిన ఆ 40 కేజీలు వెనక్కి తేదు. కాటా మీద మళ్ళీ పెట్టి చూడండి, ముందు ఇరుసు అంకె దాదాపు కదలదు. దాన్ని తిరిగి తెచ్చేవి రెండే: సామాను ముందుకి జరపడం, లేదా బరువుని ముందు ఇరుసుకీ ట్రెయిలర్ ఇరుసుకీ పంచే స్ప్రింగు కడ్డీల హిచ్, అంటే ట్రెయిలర్ తగిలించే కొక్కెం. ఆ హిచ్ కూడా బండి కంపెనీ ఒప్పుకుంటేనే.

పెదనాన్న బొలెరో సంగతి కూడా అడిగారు కాబట్టి చెబుతున్నాను. కమాను కట్టలకి అదనపు ప్లేటు వేయించవచ్చు. దానికి ముందు కట్ట విప్పించి ప్రతి ప్లేటూ తుడిచి బీటలు చూడమనండి. భీమవరం వైపు రొయ్యల లోడు వేస్తాడు, ఉప్పునీళ్ళు కారి ప్లేట్ల మధ్య తుప్పు పడుతుంది, బీట అక్కడే మొదలవుతుంది. సెంటర్ బోల్టు, బుష్‌లు కూడా చూడాలి. పాత ప్లేట్లని కాల్చి వంపు పెట్టిస్తానంటే వద్దనండి, అలా కాలిస్తే ఉక్కు పదును పోయి మళ్ళీ దిగిపోతుంది. బిగించాక కొన్నాళ్ళు తిరిగి, కట్టని ఇరుసుకి పట్టి ఉంచే యు-క్లాంపు నట్లు ఇంకోసారి బిగించాలి.

ఏం వేయించినా ఆర్‌సీలో రాసిన మొత్తం బరువు పెరగదు. స్ప్రింగు మోసినా, ఇరుసు, బేరింగులు, టైర్లు, బ్రేకులు అవే కదా. ట్రెయిలర్‌కి వేరే రిజిస్ట్రేషన్ ఉండాలి, అది కూడా చూసుకోండి. లోడుకి టైరు గాలి ఎంతో డ్రైవరు తలుపు దగ్గర స్టిక్కరు మీద ఉంటుంది. హెడ్‌లైటు ఎత్తు మార్చే మీట ఉంటే లోడుతో కిందికి తిప్పండి, ఇంటికొచ్చి దించాక మళ్ళీ మామూలుకి పెట్టండి.

వచ్చే ఆదివారం కొలతలు తీసి, కాటా చీటీలు ఫోటో తీసి నాకు పంపండి. స్ప్రింగులు మార్చాలో, సామాను జరిపితే చాలో అవి చూసి చెబుతాను.

ఇట్లు
మీ తాతయ్య