అక్షరానికి మెదడులో చోటెక్కడిది?

1887లో పారిస్‌లో బట్టల వ్యాపారం చేసిన ఒకాయనకు ఉన్నట్టుండి చదవడం పోయింది. చూపు బాగానే ఉంది. మనుషుల్ని గుర్తుపట్టేవాడు, చక్కగా మాట్లాడేవాడు, చెబితే రాసేవాడు కూడా. కానీ తాను రాసింది తానే చదవలేడు! అక్షరం మీద వేలితో దిద్దితే మాత్రం అదేమిటో తెలిసేది. ఆయన చనిపోయాక మెదడును పరీక్షించిన ఫ్రెంచి వైద్యుడు జూల్ డెజెరీన్, ఎడమవైపు వెనక భాగం దెబ్బతిన్నదని 1892లో వివరించాడు.

రాత పుట్టి సుమారు 5,000 ఏళ్లే. అది కూడా చాలాకాలం కొద్దిమంది చేతుల్లోనే ఉండిపోయింది. అంత తక్కువ కాలంలో చదవడానికంటూ మెదడులో కొత్త భాగం పుట్టుకొచ్చే వీల్లేదు. మరి ఆయన పోగొట్టుకున్నది దేన్ని? శాస్త్రవేత్త స్టానిస్లాస్ డెహేన్ చెప్పే జవాబే నాకు సబబుగా తోస్తుంది. ముఖాల్నీ వస్తువుల్నీ పోల్చుకునే ప్రాంతంలో కొంత భాగాన్ని చదువు తనకోసం మలుచుకుంటుంది. అఆలు దిద్దే పిల్లల తలలో జరిగేది ఆ మలిచే పనే. అందుకే దానికి ఏళ్లు పడుతుంది, అందుకే వాళ్లను తొందరపెట్టకూడదు. ఏ లిపి చదివేవాళ్లలోనైనా ఆ చోటు దాదాపు ఒక్కటే కావడం నాకెప్పుడూ ఆశ్చర్యమే.

కళ్ల సంగతీ చిత్రమే. చదివేటప్పుడు చూపు వరస మీద సాఫీగా సాగదు, గెంతుతూ పోతుంది. ఒక్కో చోట సెకనులో నాలుగో వంతు ఆగుతుంది, గెంతే క్షణంలో దాదాపు ఏమీ చూడదు. అర్థం చిక్కకపోతే మనకు తెలియకుండానే వెనక్కి వెళ్లి వస్తుంది. అందుకే పుస్తకాన్ని నిమిషాల్లో పూర్తి చేయిస్తామనే స్పీడ్ రీడింగ్ కోర్సుల్ని నేను నమ్మను. వేగం బాగా పెరిగితే అర్థం చేసుకోవడం తగ్గుతుందనే పరిశోధనలు చెబుతున్నాయి.

మరి పెద్దయ్యాక నేర్చుకునేవాళ్ల మాటేమిటి? డెహేన్ బృందం బ్రెజిల్, పోర్చుగల్ దేశాలకు చెందిన 63 మంది పెద్దవాళ్ల మెదళ్లను స్కాన్ చేసి, 2010లో ఫలితాలు ప్రచురించింది. వాళ్లలో చదువు రానివాళ్లున్నారు, చిన్నప్పుడే బడికి వెళ్లినవాళ్లున్నారు, పెద్దయ్యాక అక్షరాలు దిద్దినవాళ్లున్నారు. ఆలస్యంగా నేర్చుకున్నవాళ్లలోనూ రాతను చూపినప్పుడు అదే చోటు స్పందించింది. ఇంకో సంగతి, చదవడం వచ్చినవాళ్ల మెదడు చెవిన పడే మాటకు కూడా మరింత గట్టిగా స్పందిస్తోంది. అంటే అక్షరం కంటి దగ్గరే ఆగిపోలేదు, వినికిడిని కూడా మార్చింది.