60 కార్డుల లెక్క: పోకెమాన్ డెక్ కూర్పుపై అపోహలు - వాస్తవాలు

పోకెమాన్ ట్రేడింగ్ కార్డ్ గేమ్‌లో డెక్ అంటే సరిగ్గా 60 కార్డులు. వాటిలో మూడు రకాలు: పోరాడే పోకెమాన్, దాని దాడులకు శక్తినిచ్చే ఎనర్జీ, సాయపడే ట్రైనర్. బేసిక్ ఎనర్జీ (మామూలు ఎనర్జీ కార్డులు) తప్ప ఒకే పేరున్న కార్డు 4కు మించకూడదు. ఆట మొదట్లో 7 చేతికి వస్తాయి, 6 ప్రైజ్ కార్డులుగా (ఎదుటి పోకెమాన్‌ని ఓడించినప్పుడు తీసుకునేవి, అన్నీ తీస్తే గెలుపు) బోర్లా పక్కకు పోతాయి. ఈ అంకెలు మర్చిపోయినప్పుడే కింది అపోహల్లో చాలామటుకు పుడతాయి.

అపోహ: మెరిసే, ఖరీదైన కార్డులుంటేనే డెక్ గెలుస్తుంది.
మెరుపు బొమ్మకే తప్ప ఆటకు కాదు. 2023లో అబ్సిడియన్ ఫ్లేమ్స్ సెట్‌లో వచ్చిన చారిజార్డ్ ఈఎక్స్‌ అనే పోకెమాన్ మామూలు ముద్రణలో దొరికినా, వేలు పోసి కొనే ప్రత్యేక బొమ్మతో దొరికినా హెచ్‌పీ (తట్టుకోగల దెబ్బ) 330యే, దాడీ అదే. చౌకది కొని, మిగిలిన డబ్బు ట్రైనర్ కార్డుల మీద పెట్టండి. మన ఊళ్లలో బొమ్మల కొట్లలో వేలాడే బంగారు రంగు ప్లాస్టిక్ కార్డులు నకిలీవి, పోటీల్లో చెల్లవు.

అపోహ: 20 పోకెమాన్, 20 ట్రైనర్లు, 20 ఎనర్జీలు. ఇదే సరైన పాళ్లు.
కొత్తవాళ్ల డెక్‌లు ఎక్కువగా చచ్చేది ఇక్కడే. చేతిలోంచి టర్న్‌కు ఒక్క ఎనర్జీ మాత్రమే తగిలించగలం. 20 పెడితే సగటున మూడు కార్డులకొకటి ఎనర్జీయే వస్తుంది, అవన్నీ చేతిలో పేరుకుపోతాయి. 10 మాత్రమే పెట్టినా, మొదటి టర్న్‌కి కనిపించే 8 కార్డుల్లో కనీసం ఒకటి ఉండే అవకాశం సుమారు 79 శాతం. చాలా డెక్‌లకు 7 నుంచి 12 చాలు. చారిజార్డ్ ఈఎక్స్‌ని చేతిలోంచి వేసి ఎవాల్వ్ చేస్తే (కింది స్థాయి పోకెమాన్ మీద పెట్టి ఎదిగిస్తే), డెక్‌లో వెతికి 3 ఫైర్ ఎనర్జీల దాకా తగిలించవచ్చు. అలాంటి డెక్‌లో ఎనర్జీ చేతికి రావడం కంటే డెక్‌లో ఉండిపోవడమే మేలు, 6 లేదా 7తో గడిచిపోతుంది. మిగిలిన చోటు ట్రైనర్లది. 30 దాటినా కంగారు పడక్కర్లేదు.

అపోహ: మంచి కార్డులన్నీ ఒక్కొక్కటి పెడితే దేనికైనా సమాధానం ఉంటుంది.
ఒకే కాపీ ఉన్న కార్డు మొదటి 7లో వచ్చే అవకాశం 12 శాతం లోపే. అది ప్రైజుల్లో ఇరుక్కుపోయే అవకాశం 10 శాతం. 4 కాపీలుంటే మొదటి చేతిలో కనీసం ఒకటి రావడానికి 40 శాతం. కాబట్టి డెక్ నడవడానికి తప్పనిసరైనవి నాలుగేసి ఉండాలి. ఆట మధ్యలో ఒక్కసారి అక్కరకొచ్చేవి, వెతికి తెచ్చుకునే దారి ఉన్నవి మాత్రమే ఒక్కొక్కటి.

స్టేజ్ 2 డెక్ అయితే ఇంకా జాగ్రత్త. పోకెమాన్ బేసిక్‌గా దిగి స్టేజ్ 1గా, ఆపై స్టేజ్ 2గా ఎదుగుతుంది. మధ్యలో స్టేజ్ 1ని దాటించే ఐటమ్ (ట్రైనర్‌లో ఒక రకం) రేర్ క్యాండీ. అలా దాటాలంటే అది, స్టేజ్ 2 కార్డు రెండూ ఒకేసారి చేతిలో ఉండాలి. పైగా మన మొదటి టర్న్‌లో గానీ, అదే టర్న్‌లో దించిన బేసిక్ మీద గానీ క్యాండీ పనిచేయదు. బేసిక్ 4, స్టేజ్ 1 ఒకటో రెండో, స్టేజ్ 2 మూడు, క్యాండీ 4తో మొదలుపెట్టండి. స్టేజ్ 1ని పూర్తిగా తీసేయొద్దు. ఎదుటివాళ్ల బుడ్యూ లాంటి పోకెమాన్ ఎనర్జీ లేకుండానే కొట్టి, మన తర్వాతి టర్న్‌లో ఐటమ్ కార్డులు ఆపేస్తే ఆ ఒక్క స్టేజ్ 1యే దిక్కు.

అపోహ: బేసిక్ పోకెమాన్ నాలుగుంటే చాలు.
మొదటి 7లో బేసిక్ లేకపోతే చేయి చూపించి, మళ్లీ కలిపి తీసుకోవాలి. అలా జరిగిన ప్రతిసారీ ఎదుటివాళ్లు ఒక కార్డు అదనంగా తీసుకోవచ్చు. 4 బేసిక్‌లతో ఇది 60 శాతం సార్లు జరుగుతుంది, 8తో 35, 12తో 19.

అపోహ: ప్రొఫెసర్స్ రీసెర్చ్ వేస్తే మంచి కార్డులు పోతాయి, దాచుకోవాలి.
చేయంతా పారేసి 7 తీసుకునే కార్డు అది. పోగొట్టేది కార్డు కాదు, వేసే వరుస. ముందు బేసిక్‌లను బెంచ్‌పై (వెనక వరుసలో) దించండి, ఎనర్జీ తగిలించండి, ఎవాల్వ్ చేయండి, అల్ట్రా బాల్ వాడండి (డెక్‌లోంచి పోకెమాన్‌ని తెచ్చే ఐటమ్, దానికెలాగూ 2 కార్డులు పారేయాలి). ఆ తర్వాతే రీసెర్చ్. ఆటలో మొదటిసారి డెక్ వెతికేటప్పుడు కావలసింది తీసుకుని మూసేయకండి. ముఖ్యమైనవి ఎన్ని మిగిలాయో లెక్కపెడితే, ప్రైజుల్లో ఏవి ఉన్నాయో అప్పుడే తేలిపోతుంది. చాలామంది ఈ పని చేయరు. మూడు టర్న్‌ల తర్వాత లేని కార్డు కోసం వెతుకుతారు.

అపోహ: ఎప్పుడూ ముందు ఆడితేనే లాభం.
ముందు ఆడేవాళ్లు మొదటి టర్న్‌లో దాడి చేయలేరు, సపోర్టర్ (రీసెర్చ్ లాంటి ట్రైనర్) వేయలేరు. ఎవాల్వ్ అయ్యే డెక్‌కు ముందు ఆడటం, మొదటి టర్న్‌లోనే సపోర్టర్‌తోనో దాడితోనో పని ఉన్న డెక్‌కు రెండోవారిగా ఆడటం మేలు.

అపోహ: ప్రైజులు ఎంత తొందరగా తీస్తే అంత మంచిది.
ఎదుటివాళ్ల చారిజార్డ్ ఈఎక్స్ దెబ్బ 180. దానికి తోడు, మనం తీసిన ప్రతి ప్రైజ్‌కీ అది 30 చొప్పున పెరుగుతుంది. 4 తీసేసరికి 300 అవుతుంది. ఇక అయోనో అనే సపోర్టర్ వేస్తే ఇద్దరి చేతులూ డెక్ అడుగుకు పోయి, ఎవరి ప్రైజులు ఎన్ని మిగిలాయో వాళ్లు అన్నే కార్డులు తీసుకుంటారు. ఒక్క ప్రైజ్ దూరంలో ఉన్నవాళ్లకు దక్కేది ఒక్క కార్డే. ఆధిక్యంలో ఉన్నప్పుడు చేతిలో కూడబెట్టడం దండగ. కార్డులు తీసి ఇచ్చే ఎబిలిటీ (దాడి కాని ప్రత్యేక శక్తి) ఉన్న పోకెమాన్‌ని ముందే బెంచ్‌పై పెట్టుకోవాలి.

అపోహ: ఫోన్‌లో ఆడే పోకెమాన్ పాకెట్ గేమ్ చిట్కాలే ఇక్కడా పనికొస్తాయి.
2024లో వచ్చిన పాకెట్‌లో డెక్ 20 కార్డులు, ఒక్కో కార్డు 2 కాపీలే, ప్రైజ్ కార్డులుండవు, ఎనర్జీ డెక్‌లోనే ఉండదు. పైన చెప్పిన శాతాలేవీ అక్కడ చెల్లవు. 60 కార్డుల ఆట ఉచితంగా సాధన చేయాలంటే పోకెమాన్ టీసీజీ లైవ్ యాప్ ఉంది. అసలు కార్డులు కొనేముందు డెక్‌ని అందులో ఒక పది ఆటలు ఆడించి చూడండి.