సగం నాలుకకు తెలియని పులుపు

పచ్చిపులుసు కలిపిన ముద్ద నోట్లో పెట్టుకుని చిన్నమ్మ ఆగిపోయింది. "ఇండ్ల ఉప్పేసిన్రా లేదా?" అని అడిగింది. ఉప్పు, పులుపు రెండూ సరిగ్గానే ఉన్నాయి. తేడా ఆమె నాలుకలో ఉంది.

మూడు రోజుల కింద మిర్యాలగూడలో కుడివైపు కింది దవడ పన్నుకు రూట్ కెనాల్ చేయించుకుంది. మత్తుసూది పొడుస్తుంటే నాలుకలోకి కరెంటు కొట్టినట్టు జివ్వుమన్నదట. సాయంత్రానికి పెదవి మామూలైంది కానీ నాలుక కుడి సగం మొద్దుగానే ఉండిపోయింది. వేడి చాయ్ తాగి ఆ అంచు కాల్చుకున్న సంగతి కూడా అద్దంలో చూసుకున్నాకే తెలిసింది.

నల్లగొండ జిల్లాలో పళ్ల మాట ఎత్తితే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. పాపం, దీంట్లో దాని తప్పేమీ లేదు.

పై దవడ ఎముక పల్చగా, సన్నని రంధ్రాలతో ఉంటుంది. చిగురు పక్కన సూది వేస్తే దుబ్బ నేలలో నీళ్లు ఇంకినట్టు మందు ఇంకిపోతుంది. కింది దవడలో వెనక పళ్ల దగ్గర ఎముక మందం, గట్టి. మందు లోపలికి పోదు. అందుకే కింది పళ్లకూ పెదవికీ పోయే దవడ నరం ఎముకలోకి దూరకముందే, ఆ ద్వారం దగ్గరే దాన్ని పట్టుకోవాలి. ఆ చోటు కంటికి కనపడదు. డాక్టర్ బొటనవేలితో దవడ అంచు తడిమి, అంచనా మీద సూదిని రెండు, రెండున్నర సెంటీమీటర్లు లోపలికి పంపుతారు.

నాలుకకు పోయే నరం ఆ దారి పక్కనే ఉంటుంది. నోరు బార్లా తెరిస్తే అది బట్టలారేసే తీగలా బిగుసుకుంటుంది. సూది తగిలినా పక్కకు జరగలేదు. పైగా దవడ నరంలో చాలా పాయలుంటాయి, ఒకటి దెబ్బతిన్నా మిగతావి పని చేస్తాయి. నాలుక నరం మాత్రం కొందరిలో ఆ చోట ఒక్కటే పాయ. అందుకే ఈ సూది వల్ల పెదవి కన్నా నాలుకకే ఎక్కువసార్లు దెబ్బ తగులుతుంది. నాలుక ముందు భాగపు రుచిని మోసే పోగులు కూడా ఇదే నరంలో కలిసి వస్తాయి కాబట్టి స్పర్శతో పాటు రుచీ పోతుంది.

దెబ్బ సూది మొనదే కానక్కర్లేదు. నరం లోపల చిన్న రక్తనాళం చిట్లి, ఆ రక్తం ఒత్తవచ్చు. మందే నరానికి పడకపోవచ్చు. మనకు మామూలుగా వేసే మత్తుమందు లిగ్నోకెయిన్ గాఢత 2 శాతం. 4 శాతం ఉండే ఆర్టికెయిన్, ప్రిలోకెయిన్‌ల మీద ఇలాంటి ఫిర్యాదులు ఎక్కువ వచ్చాయి. తప్పు ఆ మందులదేనని అందరూ ఒప్పుకోరనుకోండి. షాక్ కొట్టిన వాళ్లలో చాలామందికి ఏమీ కాదు. నరం దెబ్బతిన్న వాళ్లలో కొందరికి అసలు షాకే తెలియదు.

ఇది అరుదు. 2000లో అమెరికాలో వేసిన ఒక అంచనా ప్రకారం, శాశ్వత నష్టం ఇలాంటి 26 వేల నుంచి లక్షా 60 వేల సూదుల్లో ఒకదానికి. చేయి తిరిగిన డాక్టర్‌కూ జరగొచ్చు కాబట్టి ఆయన్ను తిట్టలేను. నా కోపమల్లా చిన్నమ్మ ఫోన్ చేస్తే "మత్తు దిగలేదులే" అని పెట్టేసినందుకే. మూడు రోజులు దిగని మత్తు ఎక్కడుంది?

పట్టుబట్టి మళ్లీ తీసుకెళ్లాం. ఈసారి డాక్టర్ ఓపిగ్గా దూదిపోగుతో నాలుకంతా తాకుతూ, తెలియని చోటునంతా కాగితం మీద బొమ్మ గీసి గళ్లు కొట్టారు, కింద తేదీ వేశారు. విటమిన్ మాత్రలూ రాశారు. వాటి వల్లే నరం బాగవుతుందని నేననుకోను. కానీ ఆ బొమ్మ అవసరం, మళ్లీ వెళ్లినప్పుడు పోల్చి చూడ్డానికి అదొక్కటే ఆధారం. ఎక్కువమందికి రెండు మూడు నెలల్లో తగ్గిపోతుంది.

ఐదో వారంలో నాలుక మీద చీమలు పాకుతున్నాయని చిన్నమ్మకు టెన్షన్ పట్టుకుంది. డాక్టర్ మాత్రం నవ్వారు. నిద్రలేస్తున్న నరం అలాగే చిమచిమలాడుతుందట. ఆ రోజు గీసిన బొమ్మలో గళ్లు సగానికి తగ్గాయి. పదో వారంలో గీసిన దాంట్లో నాలుక కొన దగ్గర గోరంత మిగిలింది. ఆ రాత్రి పచ్చిపులుసు ఆమే పిసికింది. చింతపండు ఎక్కువైందని ఇంట్లో అందరం గొణిగాం.