నొగ మీద బరువు

డాలస్ దగ్గర ఉండే మా పెద్దమ్మగారబ్బాయి పోయిన నెల ఫోన్ చేసి, "పికప్ ట్రక్కు కొందామనుకుంటున్నాన్రా. ఫోర్డ్ ఎఫ్-150 తీసుకోమంటావా, షెవర్లే సిల్వరాడోనా?" అన్నాడు. మెకానికల్ ఇంజినీరింగ్ చదివిన పాపానికి ఇలాంటి ప్రశ్నలన్నీ నాకే వస్తాయి. ట్రక్కెందుకు అన్నయ్యా అంటే, సెలవులకి ట్రైలర్ ఇల్లొకటి వెనక తగిలించుకుని పిల్లలతో కొలరాడో కొండలకి పోవాలట.

ఈ రెండు బళ్ల గొడవ అక్కడ మన హీరోల అభిమానుల గొడవ లాంటిది. ఫోర్డ్ ఎఫ్-సిరీస్ 1977 నుంచీ అమెరికాలో అందరికంటే ఎక్కువ అమ్ముడవుతున్న పికప్. సిల్వరాడో వాళ్లకి ఆ మాట చెబితే ఒళ్లు మండుతుంది. వాదన ఎక్కడ మొదలైనా చివరికి రేకు దగ్గరికే వస్తుంది.

2015 మోడల్‌తో ఫోర్డ్ తన ట్రక్కు బాడీని ఉక్కు నుంచి అల్యూమినియం మిశ్రమానికి మార్చింది. కింద చాసిస్ ఉక్కుదే. అయినా బండి బరువు 300 కిలోలకు పైగా తగ్గిందని ప్రకటించింది. మన వంటింట్లో సిల్వర్ గిన్నె అంటే అల్యూమినియం గిన్నే కదా. తమాషా ఏమిటంటే, పేరులో సిల్వర్ ఉన్న ట్రక్కు అప్పట్లో ఉక్కుది, లేనిది సిల్వర్ గిన్నె బాపతు.

"సొట్టలు పడే గిన్నెతో ట్రక్కేంట్రా?" అన్నాడు అన్నయ్య. అడగాల్సిన మాటే. అల్యూమినియం సాంద్రత ఉక్కులో మూడో వంతు. కానీ బిగువూ మూడో వంతే. అంటే తేలిక చేసి లాభమేమిటి? కిటుకు మందంలో ఉంది. పల్చటి కాగితాన్ని, శుభలేఖ అట్టని ఒక అంచున పట్టుకుని చూడండి. కాగితం వేలాడిపోతుంది, అట్ట నిలబడుతుంది. రేకు మందం రెట్టింపైతే వంగకుండా నిలిచే బలం రెండు రెట్లు కాదు, ఎనిమిది రెట్లు పెరుగుతుంది. అందుకే ఒక మిల్లీమీటరు ఉక్కు రేకు చేసే పని 1.44 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకు చేయగలదు. అప్పుడు కూడా బరువు సగమే.

అయితే ఈ లెక్క వంగడానికే, చిల్లుపడడానికి కాదు. 2016లో షెవర్లే ఒక ప్రకటన తీసింది. దాదాపు 375 కిలోల సిమెంటు దిమ్మల్ని ఐదడుగుల ఎత్తు నుంచి రెండు ట్రక్కుల తొట్లలోకీ గుమ్మరించారు. ఉక్కు తొట్టికి సొట్టలు పడ్డాయి, అల్యూమినియం తొట్టికి చిల్లులు పడ్డాయి. పోటీదారు తీసిన ప్రకటనని ఎంత నమ్మాలో అంతే నమ్మాలి. రాళ్లూ ఇనప సామానూ వేసుకునేవాడికి మాత్రం అది పనికొచ్చే సంగతే. ఆ తర్వాత 2019 మోడల్‌కి వచ్చేసరికి షెవర్లే కూడా తలుపులు, బానెట్, వెనక డోరు అల్యూమినియంలోకి మార్చి, తొట్టిని మాత్రం ఉక్కులోనే ఉంచుకుంది.

ఇంజిన్ల గురించి నేనంతగా పట్టించుకోను. ఫోర్డ్ రెండు టర్బోలతో 3.5 లీటర్ల వి6 ఇస్తుంది, సిల్వరాడోలో 5.3 లీటర్ల వి8 దొరుకుతుంది. రెండూ చాలినంత లాగుతాయి. పైగా వీళ్ల పది గేర్ల ఆటోమేటిక్ గేర్‌బాక్సు రెండు కంపెనీలూ 2013లో ఒప్పందం చేసుకుని కలిసి తయారు చేసిందే. అభిమానులే కొట్టుకుంటున్నారు.

అన్నయ్య చూడాల్సింది వేరే ఉంది. బ్రోషర్లలో రెండు బళ్లూ ఆరు టన్నుల దాకా లాగుతాయని ఉంటుంది. ఆ అంకె ఉత్తిదేం కాదు. జె2807 అనే ప్రమాణం ప్రకారం అరిజోనాలో డేవిస్ డ్యామ్ దగ్గరి ఘాట్ రోడ్డును కొలమానంగా పెట్టుకుంటారు. దాదాపు 18 కిలోమీటర్లలో సుమారు 900 మీటర్లు ఎక్కే రోడ్డది. మండుటెండలో, ఏసీ ఫుల్లుగా పెట్టి, ట్రైలర్‌తో గంటకు 64 కిలోమీటర్ల వేగం తగ్గకుండా ఎక్కాలి. కాకపోతే ఆ లెక్కలో బండిలో ఉండేది ఇద్దరే, మనిషికి 68 కిలోల చొప్పున. మా అన్నయ్య ఒక్కడే తొంభై ఉంటాడు.

ఇక్కడే ఎద్దుబండి గుర్తు తెచ్చుకోవాలి. బస్తాలన్నీ వెనక్కి సర్దితే నొగ పైకి లేచి కాడి ఎద్దుల మెడ వదిలేస్తుంది. ముందుకి సర్దితే మెడలు కుంగిపోతాయి. ట్రైలరూ అంతే. దాని బరువులో 10 నుంచి 15 శాతం ట్రక్కు కొక్కెం మీద ఉండాలి. తగ్గితే హైవే వేగంలో ట్రైలర్ తోక ఊపినట్టు ఊగుతుంది. ఆ కొక్కెం వెనక ఇరుసుకి ఇంకా వెనకాల ఉంటుంది కాబట్టి, దాని మీద పెట్టిన బరువు తూగుడుబల్లలా ముందు చక్రాల్ని కాస్త పైకి లేపుతుంది. స్టీరింగ్ తేలికైపోతుంది. కొండ దిగేటప్పుడు అది చాలా టెన్షన్.

ఆ కొక్కెం మీది బరువు కూడా ట్రక్కు మోసే బరువే. డ్రైవరు తలుపు తీస్తే అంచున ఒక స్టిక్కరు ఉంటుంది, మనుషులూ సామానూ కలిపి ఇన్ని కిలోలు దాటకూడదని. అది 680 కిలోలు అనుకుందాం. ట్రైలర్ 3,600 కిలోలైతే, అందులో 12 శాతం చొప్పున కొక్కెం మీద 432. సగటున 75 కిలోల చొప్పున ఐదుగురు ఎక్కితే 375. మొత్తం 807. ఇంకా సైకిళ్లు ఎక్కించలేదు, ఐస్ బాక్సు పెట్టలేదు. ఆరు టన్నులు లాగే బండి మూడున్నర టన్నుల దగ్గరే చేతులెత్తేసింది.

ఒకే మోడల్లో కూడా ఈ స్టిక్కరు బండికీ బండికీ మారుతుంది. ఫోర్ వీల్ డ్రైవ్, పెద్ద చక్రాలు, కరెంటు సీట్లు అన్నీ ఆ అంకెలోంచే తింటాయి. అన్నయ్య శనివారం రెండు షోరూములూ తిరిగి, పద్నాలుగు బళ్ల తలుపులు తెరిచి ఫొటోలు పంపాడు. ఫోర్డా, షెవర్లేనా అన్నది ఇంకా తేలలేదు. సన్‌రూఫ్ మాత్రం వద్దనుకున్నాడు.