చౌడు మిద్దె ఎందుకు కారదు?

సిమెంటు చుక్క లేని మట్టి మిద్దె వానకు ఎలా ఆగుతుందని ఒక పాఠకుడి ప్రశ్న. దూలాలు, దంతెలు, కట్టెలు, ఆకు, మట్టి... ఆ వరస రాయలసీమలో పాత ఇల్లున్న ఎవరైనా చెప్తారు. కిటుకంతా అన్నిటికన్నా పైన పరిచే చౌడులో ఉంది.

బంకమట్టి రేణువులు సన్నని పలకలు, వాటి ఒంటిమీద రుణావేశం. మామూలు నేలలో కాల్షియం అయాన్లు రెండేసి ధనావేశాలతో పలకల్ని గుత్తులుగా పట్టి ఉంచుతాయి. గుత్తుల మధ్య సందుల్లోంచే నీరు ఇంకేది. చౌడులో కాల్షియం చోట సోడియం కూర్చుంటుంది. దానికి ఒక్కటే ఆవేశం, పైగా చుట్టూ నీటి అణువుల్ని దండిగా పోగేసుకుంటుంది. పట్టు చాలదు. వాన పడగానే గుత్తులు విడిపోతాయి, విడివడ్డ పలకలు సందుల్లో ఇరుక్కుంటాయి. పైపొర తడిసేసరికి కిందికి దారి బంద్! బడిలో మాత్రం 'చౌడు పంటకు పనికిరాదు' అని పాఠం ముగిస్తారు. చేను చెడగొట్టే గుణమే ఇంటిని కాస్తుందని చెప్పరు.

అయితే ఏ చౌడు పడితే అది పనికిరాదు. పాలచౌడులో ఉప్పు ఎక్కువ, ఆ ఉప్పే గుత్తులు విడిపోకుండా ఆపుతుంది. కావలసింది కారుచౌడు, అంటే ఉప్పు తక్కువగా, సోడియం పట్టిన మట్టి. పరీక్ష తేలిక: ఎండిన పెళ్లను గ్లాసెడు వాననీటిలో వేసి, కలపకుండా రెండు గంటలు ఆగాలి. చుట్టూ పాలలాంటి మబ్బు కమ్మితే సరైన మట్టి. ముక్కలై నీరు తేటగా ఉంటే కాదు. బోరునీళ్లు వాడొద్దు, వాటిలోని కాల్షియం ఫలితాన్ని తారుమారు చేస్తుంది.

తుర్కియేలోని అనతోలియా పల్లెల్లోనూ మట్టి కప్పులకు 'చోరక్' అనే మట్టి వాడారు. ఆ మాటకూ అర్థం పంట పండని చౌడు నేలే! అక్కడ రాతి రోలరు దొర్లించి అణిచేవారు.

విడిపోయే మట్టి వానకు కొట్టుకుపోతుంది కూడా. అందుకే వాలు స్వల్పంగా ఉండాలి, వానలకు ముందు ఏటా పొర వేయాలి. పాతది గీకకుండా వేస్తూ పోతే మాత్రం ప్రమాదం: రెండు సెంటీమీటర్ల పొర 12×10 అడుగుల గదిమీద సుమారు 350 కిలోలు, తడిస్తే ఇంకా ఎక్కువ. ముందు వంగేది దూలమే.

పగుళ్లకు సిమెంటు పూయడం మరో పొరపాటు. చుట్టూ మట్టి తడికి ఉబ్బి ఎండకు కుంచించుకుపోతుంటే ఆ అతుకు కదలదు, అంచు వెంబడే కారుతుంది. పగులులో తడి చౌడే కూరి దిమ్మిసతో కొట్టాలి. పొలానికి తెచ్చిన జిప్సం మిద్దె మీద ఆరబోయకండి. అందులోని కాల్షియం సోడియాన్ని గెంటేసి చేనును బాగుచేసినట్టే కప్పునూ 'బాగుచేస్తుంది', నీళ్లు చక్కగా ఇంకుతాయి.