మూడో పుస్తకం మీద అంత కోపం ఎందుకు?

2013 అక్టోబర్ 22న అమెరికాలో ‘అలీజియంట్’ అనే నవల విడుదలైంది. వెరోనికా రాత్ రాసిన ‘డైవర్జెంట్’ నవలాత్రయంలో ఇది చివరిది. అచ్చు ప్రతులు, ఈ-పుస్తకాలు, ఆడియో అన్నీ కలిపి మొదటి రోజే 4 లక్షల 55 వేలు అమ్ముడుపోయాయని ప్రచురణ సంస్థ హార్పర్‌కాలిన్స్ ప్రకటించింది. వారం తిరక్కుండానే రచయిత్రి తన ముగింపును సమర్థించుకుంటూ పాఠకులకు వివరణ రాసుకోవలసి వచ్చింది. అప్పటికి ఆమెకు పాతికేళ్లు. పుస్తకం చదివి ఏడ్చినవాళ్లున్నారు, తిట్టిపోసినవాళ్లున్నారు, ఇక ఆమె రాసినది ముట్టుకోమని ఒట్టు పెట్టుకున్నవాళ్లూ ఉన్నారు.

ముగింపు చెప్పకుండా ఈ వ్యాసం రాయడం కుదరదు. ఆ నవల చదవాలనుకుంటున్నవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు. ముగింపు ముందే తెలిస్తే నిజంగా నష్టమా అనే సంగతి మాత్రం ఇంకాస్త కింద ఉంది.

కథ జరిగేది శిథిలమైన భావికాలపు షికాగోలో. జనమంతా ఐదు వర్గాలుగా విడిపోయి బతుకుతుంటారు. ఒక వర్గానికి నిస్వార్థం ఆదర్శం, మరొకదానికి ధైర్యం, మిగిలినవాటికి విజ్ఞానం, నిజాయితీ, శాంతి. పదహారేళ్లు రాగానే ఏదో ఒక వర్గాన్ని ఎంచుకోవాలి. కథానాయిక ట్రిస్ ఏ ఒక్క వర్గంలోనూ ఇమిడే మనిషి కాదు. నిస్వార్థపరుల ఇంట్లో పుట్టి ధైర్యవంతుల్లో చేరుతుంది, అక్కడ టోబయస్‌ను ప్రేమిస్తుంది. మూడో పుస్తకం చివర్లో, అన్న చేయవలసిన ప్రాణత్యాగాన్ని తన నెత్తిన వేసుకుని తుపాకీ గుండు తగిలి చనిపోతుంది. ఆ తర్వాత ఆమె లేకుండానే కథ ఇంకొంత దూరం నడుస్తుంది.

పిల్లల పుస్తకం, పిల్లల కోపం అని కొట్టిపారేయడానికి లేదు. అమెరికాలో టీనేజీ వాళ్ల కోసం అని ముద్ర వేసుకుని వచ్చే పుస్తకాలను కొనేవాళ్లలో 55 శాతం మంది 18 ఏళ్లు దాటినవాళ్లేనని 2012లో బౌకర్ సంస్థ సర్వే తేల్చింది. అంటే తిట్టినవాళ్లలో ఉద్యోగాలు చేసుకునేవాళ్లు, పిల్లల్ని కన్నవాళ్లు కూడా ఉన్నారన్నమాట.

ముందు అంకెల సంగతి. పుస్తకాలకు పాఠకులే మార్కులు వేసే గుడ్‌రీడ్స్ వెబ్‌సైట్‌లో ఐదు నక్షత్రాలకు గాను వచ్చిన సగటు చూస్తే, మొదటి పుస్తకానికి 4 దాటి వచ్చింది, రెండో పుస్తకం ‘ఇన్‌సర్జెంట్’కు 4 దగ్గరకు వచ్చి ఆగింది, మూడోదానికి 3.6 దరిదాపుల్లో పడిపోయింది. పైకి మామూలుగా కనిపించే ఈ దిగుడులో ఒక చిక్కు ఉంది. మొదటి పుస్తకం నచ్చనివాళ్లు రెండోది కొనరు, రెండోది నచ్చనివాళ్లు మూడోదాని జోలికి పోరు. ఒక్కో పుస్తకం ఒక్కో జల్లెడ. మూడోదాకా మిగిలేవాళ్లంతా వీరాభిమానులే అయినప్పుడు సగటు పెరగాలి కదా, పడిపోవడమేమిటి?

సగం జవాబు గణాంకశాస్త్రంలో దొరుకుతుంది. 1886లో ఫ్రాన్సిస్ గాల్టన్ తల్లిదండ్రుల ఎత్తులను, పిల్లల ఎత్తులను పోల్చి చూశాడు. బాగా పొడుగైన తల్లిదండ్రుల పిల్లలు సగటు మనుషుల కంటే పొడుగ్గానే ఉన్నారు గానీ, తల్లిదండ్రులంత కాదు. ప్రతిభతో పాటు అదృష్టం కూడా కలిసొచ్చిన ఏ ఫలితానికైనా ఇదే వర్తిస్తుంది: అసాధారణమైనదాని తర్వాత వచ్చేది సగటు వైపు జరుగుతుంది. ఒక నవల లక్షలమందిని ఊపేయడంలో రచన బలం ఎంతో, అది వచ్చిన సమయమూ అంతే. ‘డైవర్జెంట్’ 2011లో వచ్చింది. అప్పటికే ఇలాగే భావికాలంలో నడిచే టీనేజీ నవలలు ‘హంగర్ గేమ్స్’ త్రయం పూర్తయి, ఆ తరహా కథల కోసం పాఠకులు ఆకలి మీద ఉన్నారు. ఆ అదృష్టం మూడోసారీ అంతే నిండుగా పండుతుందని ఆశించడం అత్యాశ. అయితే రచయిత ఏ తప్పూ చేయకపోయినా కాస్త దిగుడు ఉంటుందని మాత్రమే ఇది చెబుతుంది. ఇంత పెద్ద దిగుడుకు ఇది చాలదు. ‘హంగర్ గేమ్స్’లోనూ చివరి పుస్తకానికే తక్కువ మార్కులు పడ్డాయి, కానీ అది 4 కిందికి జారలేదు.

మిగతా సగం పాఠకుడి మనసులో ఉంది. 1956లో డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అనే ఇద్దరు పరిశోధకులు కొత్తగా ఇళ్లలోకి వచ్చిన టీవీని గమనించి, తెర మీది మనిషితో ప్రేక్షకుడు ఏకపక్షంగా ఒక స్నేహం కట్టుకుంటాడని రాశారు. అవతలి మనిషికి మన ఉనికే తెలియదు, మనకు మాత్రం అతను రోజూ ఇంటికొచ్చే ఆత్మీయుడు. 2004లో ‘ఫ్రెండ్స్’ ధారావాహిక ముగిసినప్పుడు కెరెన్ ఎయల్, జొనాథన్ కోహెన్ అమెరికా విద్యార్థులను అడిగి చూశారు. అభిమాన పాత్ర దూరమైతే కలిగే బాధ నిజమైన స్నేహం తెగినప్పటి బాధలాంటిదే, తీవ్రత మాత్రం తక్కువ అని తేలింది. ఆ బంధం ఎంత గట్టిదైతే బాధ అంత ఎక్కువ.

నవల ఈ పనిని టీవీ కంటే లోతుగా చేయగలదు. మొదటి రెండు పుస్తకాలూ ట్రిస్ నోటితోనే, ‘నేను’ అంటూ, వర్తమానంలో నడుస్తాయి. ‘నేను దూకుతున్నాను, నాకు భయంగా ఉంది’ అన్న ధోరణిలో వందల పేజీలు చదివాక ఆ ‘నేను’ ఎవరన్నది కొంత మసకబారుతుంది. 2012లో జెఫ్ కాఫ్‌మన్, లీసా లిబీ ఒక చిన్న ప్రయోగం చేశారు. ఎన్నికల రోజున అడ్డంకులన్నీ దాటుకుని వెళ్లి ఓటేసిన విద్యార్థి కథను కాలేజీ విద్యార్థుల చేత చదివించారు. కథ ‘నేను’ అంటూ సాగి, అందులోని విద్యార్థిది తమ విశ్వవిద్యాలయమే అయినప్పుడు, చదివినవాళ్లలో ఎక్కువమంది నిజంగానే వెళ్లి ఓటేశారు. ఒక్క ప్రయోగం మీద పెద్ద మేడలు కట్టకూడదు గానీ, నవలలు బాగా చదివేవాళ్లకు ఇది ఆశ్చర్యం కలిగించదు.

అలాంటి ‘నేను’ చచ్చిపోతే? సమస్య ముందుగా రచయిత్రికే ఎదురైంది. కథ చెప్పే మనిషి పోయాక కథ ఎవరు చెప్పాలి? అందుకే మూడో పుస్తకంలో అధ్యాయాలను ట్రిస్‌కూ టోబయస్‌కూ పంచింది. ప్రతి అధ్యాయం నెత్తిన చెబుతున్నవాళ్ల పేరు ఉంటుంది. పుస్తకం తెరవగానే ఈ మార్పు చూసి కీడు శంకించిన పాఠకులూ ఉన్నారు: రెండో గొంతు అవసరమైందంటే మొదటిది ఆగిపోబోతోందనే కదా! ట్రిస్ ప్రాణం పోయాక అధ్యాయాల మీద ఇక టోబయస్ పేరు ఒక్కటే మిగులుతుంది. ఎత్తుగడ బాగుంది, అమలు బాగాలేదు. ఇద్దరి గొంతులూ ఒకేలా ఉన్నాయనీ, ఎవరు మాట్లాడుతున్నారో తెలియక వెనక్కి వెళ్లి పేరు చూసుకోవలసి వచ్చిందనీ పాఠకులు విసుక్కున్నారు. నా ఉద్దేశంలో ఇది భావోద్వేగంతో వచ్చిన ఫిర్యాదు కాదు, నైపుణ్యం మీద చేసిన సరైన విమర్శ. రెండు పుస్తకాల పాటు మన చెవిలో మాట్లాడిన గొంతు చివరి పుస్తకంలో పలచబడితే, ఆ మనిషి చావు కూడా పలచగానే తగులుతుంది.

ఎదురుచూపు చేసిన పని వేరు. ‘ఇన్‌సర్జెంట్’ 2012 మే 1న వచ్చింది. నగరం బయట ఇంకో ప్రపంచం ఉందన్న రహస్యం బయటపడే చోట అది ఆగిపోయింది. తర్వాతి పుస్తకానికి దాదాపు ఏడాదిన్నర. మధ్యలో తెగిన పని మనసును వదలదని చెప్పడానికి అందరూ బ్లూమా జైగార్నిక్ పేరు చెబుతారు. 1927లో ఆమె బెర్లిన్‌లో చేసిన ప్రయోగాల్లో, పూర్తిచేసిన పనుల కంటే మధ్యలో ఆపించిన పనులే మనుషులకు బాగా గుర్తున్నాయి. తర్వాతివాళ్లు మళ్లీ చేసి చూస్తే ఈ జ్ఞాపకం సంగతి గట్టిగా నిలవలేదు. నిలిచింది ఆమె తోటి పరిశోధకురాలు మరియా ఒవ్‌సియాంకినా 1928లో చూపించినది: ఆపేసిన పనిని ఎవరూ చెప్పకపోయినా మళ్లీ చేతిలోకి తీసుకోవాలనిపించడం. తెలుగు వారపత్రికల సంపాదకులకు దీని కోసం బెర్లిన్ దాకా వెళ్లే అవసరం రాలేదు. సీరియల్‌ను ఏ వాక్యం దగ్గర తెంచి ‘ఇంకా ఉంది’ అని వేయాలో వాళ్లకు బాగా తెలుసు. వారపత్రికలో ఆ ఖాళీ ఏడు రోజులు. ఏడాదిన్నర ఖాళీ దొరికితే పాఠకుడు చేతులు ముడుచుకుని కూర్చోడు, మిగతా కథ తనే అల్లుకుంటాడు. ట్రిస్, టోబయస్ పెళ్లి కూడా చేసేస్తాడు. చివరికి అసలు పుస్తకం వచ్చి పోటీ పడవలసింది ముందరి పుస్తకాలతో కాదు, లక్షలమంది విడివిడిగా ఊహించుకున్న మూడో పుస్తకంతో. మనుషులు ఫలితాన్ని విడిగా కాక తాము అనుకున్న గీతకు పైనా కిందా అని కొలుస్తారనీ, కిందికి పడిన బాధ అంతే పైకి పోయిన ఆనందం కంటే పెద్దదనీ డేనియల్ కానెమన్, ఏమస్ ట్వెర్‌స్కీ 1979లోనే చెప్పారు. అభిమాని గీత అందరికంటే ఎత్తులో ఉంటుంది. జల్లెడ చిక్కుకు సమాధానం ఇక్కడే ఉందని నాకనిపిస్తుంది: మిగిలినవాళ్లు వీరాభిమానులు కావడం వల్లే సగటు పడింది.

ఇక లీకు వ్యవహారం. విడుదలకు ముందే కొన్ని ప్రతులు బయటకొచ్చి, ట్రిస్ చనిపోతుందన్న వార్త గుప్పుమంది. ముగింపు ముందే తెలిస్తే పుస్తకం పాడవుతుందా? 2011లో శాన్ డియేగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయానికి చెందిన జొనాథన్ లెవిట్, నికొలస్ క్రిస్టెన్‌ఫెల్డ్ 12 చిన్న కథలతో పరీక్షించారు. ముగింపు తెలిసి చదివినవాళ్లే కథలను కాస్త ఎక్కువగా ఆనందించారు. 2015లో బెంజమిన్ జాన్సన్, జుడిత్ రోజెన్‌బామ్ చేసిన అధ్యయనంలో ఇందుకు విరుద్ధమైన ఫలితం వచ్చింది. రెంటిలోనూ వాడినవి చిన్న కథలే. పది నిమిషాల ముందు పరిచయమైన పాత్ర చనిపోతుందని తెలియడం వేరు, రెండేళ్లుగా తోడున్న పాత్ర చనిపోతుందని తెలియడం వేరు. రెండోదాన్ని ప్రయోగశాలలో పెట్టడం కష్టం. ఇక్కడ పోయింది ఉత్కంఠ ఒక్కటే కాదు. ఆ చావు దగ్గరికి నాలుగు వందల పైచిలుకు పేజీల మీదుగా నడిచి వెళ్లే అవకాశం కూడా పోయింది. ఒక వాక్యంలో విన్న చావుకు కారణం ఉండదు.

అన్ని ఫిర్యాదుల్లోకీ నాకు బలమైనదిగా కనిపించేది మాత్రం ట్రిస్ మరణం గురించి కాదు, విజ్ఞానం గురించి. మూడో పుస్తకం అసలు గుట్టు విప్పుతుంది: పూర్వం ప్రభుత్వం మనుషుల జన్యువులను సరిచేయబోయింది. పిరికితనం తీసేస్తే దయ పోయింది, అబద్ధం తీసేస్తే ఇంకేదో పోయింది, చివరికి యుద్ధం వచ్చింది. షికాగో ఆ దెబ్బతిన్న జన్యువులు తరాల మీద బాగుపడేందుకు పెట్టిన ప్రయోగశాల. చదువుతుంటే ఒక్కో గుణానికి ఒక్కో మీట ఉన్నట్టు అనిపిస్తుంది. నిజానికి మనిషి ఎత్తు లాంటి, టేపుతో కొలవగలిగే లక్షణం వెనకే వేల జన్యు తేడాలున్నాయి. 2022లో ‘నేచర్’ పత్రికలో వచ్చిన అధ్యయనం 54 లక్షల మంది డీఎన్‌ఏ పరిశీలించి, ఎత్తుతో ముడిపడిన తేడాలను 12 వేలకు పైగా లెక్కగట్టింది. ఒక్కొక్కటి చేసే పని రవ్వంత. ధైర్యం, నిజాయితీ అయితే కొలవడానికే చిక్కవు, వాటిలో పెంపకం, పరిసరాల వాటా చాలా ఉంటుంది. జన్యువులను బట్టి మనుషులకు హెచ్చుతగ్గులు అంటగట్టడం తప్పనే నవల కూడా చెప్పబోతుంది, అది నిజమే. కానీ ఆ మాట చెప్పేందుకు కట్టిన వేదిక మాత్రం గుణానికో జన్యువు అనే పాత ఊహే. ఈ గణాంకాలు తెలియని పాఠకుడికి కూడా ‘ఇంతేనా?’ అనిపించింది. ఐదు వర్గాల వింత లోకానికి ఇన్నాళ్లు కారణం కోసం ఎదురుచూస్తే, రెండు పేజీల ఉపన్యాసంలో తేల్చేస్తే అలాగే ఉంటుంది.

ముగింపు మొత్తం అనుభవాన్ని మింగేస్తుందనే మాట కూడా ఇక్కడ చెప్పుకోవాలి. 1993లో కానెమన్ బృందం కొందరిని 14 డిగ్రీల చన్నీళ్లలో నిమిషం పాటు చేయి పెట్టమంది. ఇంకోసారి అదే నిమిషం తర్వాత మరో అరనిమిషం ఉంచమని, ఆ అరనిమిషంలో నీటిని ఒక్క డిగ్రీ వేడెక్కించింది. మళ్లీ చేయాలంటే ఏది చేస్తారని అడిగితే ఎక్కువమంది పొడుగాటి రెండోదాన్నే కోరుకున్నారు. చివర ఎలా ఉందన్నదే గుర్తుంది, ఎంతసేపన్నది కాదు. మూడు పుస్తకాలు కలిపి వెయ్యికి పైగా పేజీలు ఆనందించి, చివరి యాభై పేజీలకు ఒక్క నక్షత్రం పడేయడంలో ఈ లెక్కే ఉంది.

రచయిత్రి వాదన మాత్రం నాకు సబబుగానే తోస్తుంది. మొదటి పుస్తకంలో తల్లి త్యాగం చూసిన ట్రిస్, రెండోదాంట్లో చావు కోరుకుంటూ ప్రాణం పారేసుకోబోయి, మూడోదాంట్లో బతకాలని ఉండి కూడా ప్రేమతో ఇచ్చింది; ఆ పాత్ర మొదటినుంచీ నడిచింది అటువైపే అని ఆమె వివరించింది. కథల మీద పరిశోధించే మేరీ బెత్ ఆలివర్, ఆనే బార్ట్ష్ 2010లో ఒక తేడా చూపించారు: కథ వల్ల కలిగే ఆహ్లాదం ఒకటి, అది లోతుగా తాకిందన్న గౌరవం ఇంకొకటి, రెండూ ఒకేసారి ఉండనక్కర్లేదు. ఏడిపించిన పుస్తకానికి మొదటి కొలతలో సున్నా వచ్చి రెండోదానిలో నిండు మార్కులు రావచ్చు. నక్షత్రాల పట్టీలో మాత్రం రెండు గళ్లు లేవు.

2016లో ‘అలీజియంట్’ సినిమాగా వచ్చి చతికిలబడింది. అంతకుముందరి భాగం ప్రపంచమంతటా దాదాపు 30 కోట్ల డాలర్లు వసూలు చేస్తే, దీనికి 18 కోట్ల దగ్గరే ఆగిపోయింది. ముగింపు మీద జనం కక్ష తీర్చుకున్నారని కొందరు ఇప్పటికీ అంటుంటారు. నిర్మాతలు చివరి పుస్తకాన్ని రెండు సినిమాలుగా విడగొట్టారు, ట్రిస్ మరణాన్ని రెండోదానికి దాచారు, ఆ రెండోది తీయనేలేదు. ప్రేక్షకులు తిరస్కరించిన సినిమాలో ఆమె చనిపోదు.